ఆర్చి కడుతున్న అబ్బాయిలకు మీ సోషల్ మాస్టారు రాయునది

గల్ఫ్‌లో ఉన్న మన ఊరి అబ్బాయిలకూ, ఇక్కడ ఉండి పని చూస్తున్న ఆర్చి కమిటీ వాళ్లకూ,

అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది గ్రూపులో పెడితే సగం మంది చదవరు, మిగతా సగం దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందుకని నలుగురూ చూసేలా బహిరంగంగానే రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉత్తరం. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన అలవాటు, ఓర్చుకోండి.

పోయిన నెల కమిటీ తరఫున ఇద్దరు మా ఇంటికొచ్చారు. హైవే నుంచి ఊళ్లోకి తిరిగేచోట ఆర్చి కడుతున్నామన్నారు. ఒక స్తంభం మీద దాతల పేర్లు, రెండో స్తంభం మీద ఊరి చరిత్ర నల్లరాతిలో చెక్కిస్తామన్నారు. చరిత్ర అరపేజీ మించకుండా నన్ను రాసిమ్మన్నారు. నమూనాకి ఒక కాగితం కూడా ఇచ్చారు. అది ఎవరు రాశారో అడగలేదు గానీ, ‘ప్రాచీన కాలం నుండి’ అని మొదలైంది కాబట్టి నా దగ్గర చదువుకున్నవాడే అయ్యుంటాడు.

అందులో జమీందార్లున్నారు. కొబ్బరి, జీడి, పనస ఉన్నాయి. ఉద్యానవనం అనే మాటే నోళ్లలో నలిగి మన ప్రాంతం పేరు ఉద్దానం అయిందని ఉంది. బారువ సముద్రం ఉంది, అమ్మవారి సంబరం ఉంది. చివర ‘దాతల సహకారంతో ఈ ద్వారం నిర్మించబడినది’ అని ఉంది. ఆ దాతల డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

చందాల జాబితా నేనూ చూశాను. జుబైల్, రస్ తనూరా, రువైస్, రస్ లఫ్ఫాన్, మినా అల్ అహ్మదీ. అవన్నీ చమురు, గ్యాసు ఊళ్లు. ఇటు సోంపేట నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఎక్కడ తవ్వినా చమురు పడదు, మనకి నీళ్లు పడితేనే గొప్ప, అవి మంచివైతే ఇంకా గొప్ప. అయినా ఈ ఊళ్లో స్లాబు ఇళ్లు లేపింది చమురు. రెండు కల్యాణ మండపాలూ, మూడు బంగారం కొట్లూ, బస్టాండు వెనక వరసగా ఉన్న వెల్డింగ్ ట్రైనింగ్ షెడ్లూ, సెంటు భూమి ఇవాళ పలుకుతున్న ధరా, అన్నీ చమురు పెట్టిన భిక్షే. ఇది మీ కాలంలో మొదలైంది కూడా కాదు. మీ ముత్తాతల నాడే మొదలైంది. ఆ సంగతి రాయకుండా అరపేజీ నింపడం నాకు చేతకాలేదు.

మా తాతతో మొదలుపెడతాను. రాతి మీద ముందు మా ఇంటిపేరు ఎక్కించుకోవాలని కాదు, నాకు బాగా తెలిసింది ఆయన సంగతే కాబట్టి.

తాత రంగం వెళ్లింది 1920ల్లో. రంగం అంటే రంగూను, మన పెద్దవాళ్ల నోట అలాగే పలికేది. బర్మా అప్పటికి పరాయి దేశం కాదు. 1937 దాకా ఇంగ్లీషువాడి ఇండియాలో అదొక రాష్ట్రం. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, స్టీమరు టికెట్టు చాలు. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, ఇలా తీరం పొడుగునా ఆగుతూ ఓడలు మనుషుల్ని ఎక్కించుకునేవి. బారువలో స్టీమరు ఒడ్డుదాకా వచ్చేది కాదు. పడవల మీద కెరటాలు దాటించి తీసుకెళ్లేవాళ్లు. ఎక్కేలోపే సగం మందికి వాంతులు. ఆ కాలపు చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం బారువ దగ్గర ఇప్పటికీ నీళ్ల అడుగున ఉంది. స్కూబా డైవింగ్ చేసేవాళ్లు దాన్ని చూడటానికి వస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరైనా మన ఊరికొచ్చి, ఆ రోజుల్లో ఓడలు ఎక్కినవాళ్లు ఎవరు అని అడుగుతారేమో అని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.

టికెట్టు డబ్బులు మేస్త్రీ పెట్టేవాడు. ఇంట్లో ఆడవాళ్ల చేతిలో కొంత బయానా పెట్టేవాడు. ఆ రెండూ అక్కడ జీతంలోంచి కోసుకునేవాడు, కోసుకుంటూనే ఉండేవాడు. ఇప్పుడు మీరు ఏజెంటు అంటున్నారు. తేడా ఏమిటంటే, మేస్త్రీ కనీసం వాళ్లతోపాటు ఓడ ఎక్కేవాడు.

తాత పని సిరియంలో. రంగూనుకి నది అవతల గట్టున ఉంటుంది. అక్కడ బర్మా ఆయిల్ కంపెనీ వారి చమురు శుద్ధి కర్మాగారం. కంపెనీ 1886లో గ్లాస్గోలో పుట్టింది. ఎగువ బర్మాని ఇంగ్లీషువాడు కలిపేసుకున్నదీ ఆ ఏడాదే. చమురు బావులేమో దూరంగా, ఇరావతి నది ఎగువన యెనాంజౌంగ్ అనేచోట. ఆ పేరుకి బర్మా భాషలో ‘కంపు నీళ్ల వాగు’ అని అర్థమట. 1909 నాటికి అక్కడి నుంచి సిరియం దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పైపులైను వేశారు. అంతకు ముందు పడవల మీదే చేరవేసేవాళ్లు.

కంపెనీ రాకముందు యెనాంజౌంగ్‌లో బావులు చేత్తోనే తవ్వేవాళ్లు. తరతరాలుగా ఆ హక్కు కొన్ని కుటుంబాలదే. మనిషిని తాడు కట్టి దింపేవాళ్లు. లోపల ఆవిరికి దీపం పెట్టడానికి వీల్లేదు, అంటుకుంటుంది. అందుకని పైన ఒకడు అద్దం పట్టుకుని ఎండని బావిలోకి తిప్పేవాడు. దిగినవాడు నిమిషమో రెండు నిమిషాలో తవ్వేసరికి ఊపిరాడక పైకి లాగించుకునేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

సిరియంలో ముడి చమురుని కాచి కిరసనాయిలు తీసేవాళ్లు, మైనం తీసి కొవ్వొత్తులు పోసేవాళ్లు. ఆ కిరసనాయిలే నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాల్లో ఓడెక్కి తిరిగి ఇండియాకి వచ్చేది. మా నాయనమ్మ ఇంటి లాంతర్లో పోసింది కూడా బర్మా నూనే అని నాన్న చెప్పేవారు. అది తాత చేతుల మీదుగానే వచ్చిందని నాయనమ్మ నమ్మకం. డబ్బా ఖాళీ అయ్యాక పైన రేకు కోసి, అడ్డంగా కర్ర బిగించి, కావిడికి కట్టి నీళ్లు మోసేవాళ్లు. మీలో యాభై దాటినవాళ్లు ఆ డబ్బాలు చూసే ఉంటారు. మన ఊళ్లో ఇంటింటికీ నీళ్లు మోసిన డబ్బాలు చమురు డబ్బాలే. ఇంతకంటే చరిత్ర ఏం కావాలి?

తాత మధ్యలో మూడుసార్లు ఇంటికొచ్చాడట. రెండోసారి వచ్చినప్పుడు తెచ్చిన టేకు పెట్టె మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మా మనవరాలు ల్యాప్‌టాప్ దాని మీదే పెట్టుకుంటుంది. చివరిసారి వచ్చింది 1931లో. అంతకు ముందు ఏడాది మే నెలలో రంగూను రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఆ పదిహేను ఇరవై రోజులు వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మా వాళ్లని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై నగరమంతా పాకింది. మనవాళ్లని అక్కడ కొరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. కొరంగీ కనపడితే నరికేశారు. రంగూను జనాభాలో సగానికి పైగా ఇండియా వాళ్లే ఉన్న రోజులవి, అయినా ఎవరి ఇంట్లో ఎవరు పరాయివాళ్లో ఆ వారంలో తేలిపోయింది. తాత నది అవతల ఉండబట్టి బతికాడు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదట, మళ్లీ వెళ్లకుండానూ ఆగలేదు. నాలుగు నెలలు ఉండి వెళ్లిపోయాడు. అప్పటికి నాన్నకి అయిదేళ్లు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. క్రిస్మస్ రోజున మళ్లీ వేశాయి. 1942 మార్చి 7న ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతూ, శత్రువు చేతికి చిక్కకూడదని సిరియం కర్మాగారాన్ని వాళ్ల చేతుల్తోనే పేల్చేశారు. ఏప్రిల్‌లో యెనాంజౌంగ్ బావులనీ అలాగే చేశారు. కర్మాగారం సంగతి అంత శ్రద్ధగా చూసుకున్నారు, కూలీల సంగతి చూసినవాడు లేడు. ఓడల్లో చోటు దొరికినవాళ్లు ఓడల్లో వచ్చారు. మిగతావాళ్లు నడిచారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపురం అడవుల మీదుగా కొందరు. సుమారు అయిదు లక్షల మంది అలా కదిలారని పుస్తకాల్లో ఉంది. వేలమంది దారిలోనే కలరాకీ మలేరియాకీ ఆకలికీ పోయారు.

మన వీధి నుంచి రంగం వెళ్లిన ఏడుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు. తాత రాలేదు. ఆయన్ని ఆఖరుసారి ఎక్కడ చూశారో కూడా ఆ ముగ్గురిలో ఎవరూ చెప్పలేకపోయారు. ఏడేళ్లు చూసి పెద్దమనుషులు నాయనమ్మని బొట్టు తీసేయమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. పోయాడని ఏదైనా కాగితం ఉంటే చూపించమంది. వెళ్లినప్పుడే కాగితం లేదు, పోయినప్పుడు ఎవరిస్తారు? 1971లో ఆవిడ పోయేనాటికి కూడా నుదుట బొట్టు ఉంది. నేను కాలేజీలో ఉన్నాను అప్పుడు. స్నానం చేయించే ముత్తయిదువులు గుమ్మం దగ్గర గుసగుసలాడుకోవడం నాకు గుర్తే, ఏ పద్ధతిలో చెయ్యాలో వాళ్లకి తెలియక.

అన్నట్టు, తాత పుట్టేసరికి మన ఊరు గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లా, నాన్న పెళ్లి ఆ జిల్లాలో జరిగింది. నేను పుట్టేసరికి శ్రీకాకుళం జిల్లా. ఇల్లు మాత్రం అదే స్థలంలో ఉంది. మీ నమూనా కాగితంలో ‘అనాదిగా శ్రీకాకుళం జిల్లాలో’ అని రాశారు. అది కొట్టేయండి.

ఆ తర్వాత ముప్పై ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1962 తర్వాత బర్మాలో సైన్యం వచ్చి వ్యాపారాలన్నీ జాతీయం చేసేసరికి మిగిలిన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఇక్కడికీ రెండు కుటుంబాలు వచ్చాయి. మూడేళ్లు ఉండి, ఈ ఉప్పు గాలీ ఈ తగాదాలూ పడక విశాఖకే పోయాయి.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. పీపా మూడు డాలర్లున్నది వచ్చే జనవరికి పదకొండు దాటింది. మన దేశానికి అది కష్టకాలం. సోంపేట బంకులో పెట్రోలు కోసం గొడవలు నాకు తెలుసు. కానీ అక్కడ పోగుపడ్డ ఆ డబ్బుతోనే ఎడారిలో రిఫైనరీలూ, రేవులూ, పైపులైన్లూ మొదలయ్యాయి. వాటికి చేతులు కావాలి. మన ఊరి నుంచి మొదటి మనిషి 1970ల ఆఖరులో వెళ్లాడు. పలాసలో రైలెక్కి బొంబాయి వెళ్లి, అక్కడ ఒక గదిలో పదకొండు మందితో నాలుగు నెలలు పడుకుని, ట్రేడ్ టెస్ట్ పాసై వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు టేప్ రికార్డరు తెచ్చాడు. ఊరంతా వెళ్లి చూశాం. నేనూ వెళ్లాను, కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టారినైనా సిగ్గుపడకుండా. ఆ తర్వాత ఉత్తరాల బదులు క్యాసెట్లు రావడం మొదలైంది. చదువురాని తల్లులకి నిజంగా వరం అది. కొడుకు గొంతు విని, అదే క్యాసెట్టు రెండోవైపు తను మాట్లాడి పంపేది. మధ్యలో కోడి కూత, గేదె అరుపు, పక్కింటి తగువు అన్నీ అందులో ఉండేవి. వాటిలో ఒక్కటైనా దాచుకున్న ఇల్లు ఉంటే చెప్పండి. నేను అడిగిన ఇళ్లలో అన్నిటి మీదా సినిమా పాటలు ఎక్కించేశారు.

బడి సంగతి చెబుతాను, అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. చదువు తక్కువున్నవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర వేస్తారు. గల్ఫ్‌లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే ఆ ముద్ర ఉన్నవాడు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండదని తెలిశాక మా బడికి కొత్త కళ వచ్చింది. అంతవరకూ తొమ్మిదితో మానేసినవాళ్లు వచ్చి కూర్చున్నారు. రెండుసార్లు తప్పినవాడు మూడోసారి కట్టాడు. ‘మాస్టారూ, నాకు ఫస్టు క్లాసు వద్దు, ముద్ర లేకుండా చూడండి చాలు’ అన్నాడొకడు. వాడు ఇప్పుడు మీ కమిటీ కోశాధికారి. గోడ మ్యాపులో ఇండియా కంటే పర్షియన్ గల్ఫ్ దగ్గరే ఎక్కువ వేలిముద్రలుండేవి. కాగితం అక్కడ అరిగి చిరిగింది, నేనే వెనక నుంచి గుడ్డ అంటించాను.

దీంట్లో ఒక మెలిక ఉంది, అది మీరు ఆలోచించాలి. ముద్ర ఉన్నవాడికి బీమా తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలు. ముద్ర లేనివాడికి అది తప్పనిసరి కాదు, వాడి పేరు ఏ దస్త్రంలోనూ ఎక్కకపోయినా అడిగేవాడు లేడు. అంటే నేను కష్టపడి పాస్ చేయించినవాళ్లే లెక్కలో లేకుండా వెళ్లారు. తాత లాగే, కాగితం లేకుండా. చాన్నాళ్లు నాకు ఇది తట్టనేలేదు.

పని గురించి మీకు నేను చెప్పేదేముంది. నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించిన పైపు చుట్టూ తిరిగి, కదలకుండా కుట్టుపని లాగా వెల్డింగ్ చేసి, ఎక్స్‌రేలో చుక్క మచ్చ లేకుండా చూపించాలి. దాన్ని సిక్స్ జీ అంటారని నాకు చెప్పింది మీరే. బస్టాండు వెనక షెడ్లలో పద్దెనిమిదేళ్ల పిల్లలు ముసుగులేసుకుని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. చాలామంది కాలేజీ లెక్చరర్ల కంటే శ్రద్ధగా చేస్తారు. ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కఫోల్డర్లు, ఇన్సులేషన్ వాళ్లు, ఫైర్ వాచర్లు, ఉద్దానంలో ఇవి ఇప్పుడు ఇంటిపేర్లలా అయిపోయాయి. షట్‌డౌన్ అనే మాటకి మన ఊళ్లో అర్థమే వేరు. కంపెనీ నలభై రోజులు ఆగితే మనవాళ్లకి నలభై రోజుల పని.

ఒకడి సంగతి మాత్రం చెప్పాలి. పేరు రాయను, వాడి భార్య ఊళ్లోనే ఉంది. కంపెనీ పేరు, దేశం పేరు కూడా వద్దు. నా దగ్గర 1998 బ్యాచ్. లెక్కల్లో చురుకు, సోషల్లో నిద్ర. షట్‌డౌన్ పనికి వెళ్లాడు. ఒక ట్యాంకు శుభ్రం చేయాలి. లోపలికి ముందు దిగినవాడు కిందపడ్డాడు. హోల్ వాచర్‌గా, అంటే దిగే కంత దగ్గర కాపలాగా, పైన ఉన్నది మనవాడు. దిగకూడదని వాడికి శిక్షణలో చెప్పారు, వాడికి బాగా తెలుసు. పడినవాడు వాడి గదిలో పక్క మంచం వాడు. దిగాడు.

ముడి చమురులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు ఉంటుంది. కొంచెమే ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. బాగా ఎక్కువైతే అదే గ్యాసు ముక్కు పని ముక్కు చేయకుండా చేసేస్తుంది, వాసన పోతుంది. వాసన పోయింది కదా, గ్యాసు పోయింది అనుకుంటాడు మనిషి. ఈ ముక్క నేను వాడు పోయాక చదివాను. ఇందాక చెప్పిన అద్దం బావి అప్పుడు గుర్తొచ్చింది. ఆ బావి తవ్వేవాళ్లని తాడు కట్టి దింపేవాళ్లు, మనిషి ఊగితే లాగేసేవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక తాడు. ఇన్నేళ్ల తర్వాత మనవాడికి ఆ పాటి తాడు కూడా కట్టలేదు.

శవం రావడానికి నలభై రోజులు పట్టింది. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఎంబసీ కాగితం, కంపెనీ కాగితం, అరబ్బీ నుంచి తర్జుమా. వాళ్ల నాన్న రోజూ పొద్దున్నే మా ఇంటికి ఫోను పట్టుకుని వచ్చేవాడు, ఇంగ్లీషులో వచ్చిన మెసేజి చదివిపెట్టమని. ఆఖరికి హైదరాబాదు దాకా విమానం, అక్కడి నుంచి అంబులెన్సు. తెల్లవారుజామున హైవే మీద ఊరి మలుపు దగ్గర మేమంతా నిలబడ్డాం. మీరు ఆర్చి కడుతున్నది సరిగ్గా ఆ మలుపులో. వాళ్లమ్మ పెట్టె తెరవమంది. తెరవకూడదన్నారు. తెరవకపోతే నా కొడుకని నేనెలా నమ్మాలి అంది. నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి కాగితం కూడా లేదు, ఈవిడకి కట్టెడు కాగితాలు ఇచ్చారు.

చమురు ధర పేపర్లో చూసే అలవాటు నాకు అప్పటి నుంచే. అంతకు చాలా ముందే, 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బయి వేల మంది మనవాళ్లని విమానాల్లో తెచ్చారు, మన ఊరివాళ్లు చేతి సంచితో దిగారు. మూడేళ్ల జీతం అక్కడ బ్యాంకులో ఉండిపోయిందని ఏడ్చిన మనిషి ఆరు నెలలు తిరక్కుండా మళ్లీ వెళ్లాడు. 2014లో వంద డాలర్లున్న పీపా 2016 జనవరికి ముప్పై కిందికి దిగింది, ఆ ఏడు సౌదీలో వేల మంది జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. ఇక్కడ రెండు ఇళ్ల శ్లాబులు చువ్వలు బయటపెట్టుకుని నాలుగేళ్లు అలాగే నిలబడ్డాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి నలభై ఏళ్ల కొబ్బరి చెట్లని ఒక్క రాత్రిలో పడుకోబెట్టాక, తోట మీద బతుకుదామనుకున్నవాళ్లు కూడా పాస్‌పోర్టుకి అప్లై చేశారు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో చమురు ధర సున్నా కంటే కిందికి పోయింది. అదెలాగో మీకు పాఠం చెప్పమంటే నావల్ల కాదు గానీ, ఆ ఏడు సంబరానికి మందుగుండు లేకపోవడం ఒక్క కరోనా వల్లే కాదని నాకు తెలుసు. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు పోయారు. అందులో మన జిల్లా మనిషీ ఉన్నాడు.

ఇంక అసలు సంగతి. ఆర్చి వద్దని నేను అనడం లేదు. మీ డబ్బు, మీ సరదా. బయట ఎండలో మాడినవాడికి ఊరి మొదట్లో తన పేరు చూసుకోవాలని ఉంటుంది, అందులో తప్పులేదు. నేను అడిగేది రెండో స్తంభం గురించే. అక్కడ ప్రాచీన కాలం తీసేసి ఈ కింది ముక్కలు చెక్కించండి:

‘ఈ ఊళ్లో చమురు లేదు. ఈ ఊరివారు చమురు ఉన్నచోటికి వెళ్లారు. 1942కి ముందు బారువ రేవులో ఓడలెక్కి బర్మాలోని సిరియంకి, 1970ల నుంచి గల్ఫ్ దేశాలకి. వారు పంపిన డబ్బుతో ఈ ఊరి ఇళ్లు, బడి గదులు, గుడి ప్రాకారం, ఈ ద్వారం కట్టబడ్డాయి. వెళ్లి తిరిగి రానివారి పేర్లు ఇవి.’

కింద పేర్లు. పేరు, తండ్రి పేరు, వెళ్లిన ఏడు, పోయిన చోటు. చోటు తెలియకపోతే ‘తెలియదు’ అని రాయండి.

స్వాగత ద్వారం మీద చావు పేర్లా, అశుభం కదా మాస్టారూ అని కమిటీలో ఒకరన్నారు. బస్టాండు సిమెంటు బెంచీ మీద ఏముంది? ‘కీర్తిశేషులు ఫలానా జ్ఞాపకార్థం’. మంచినీళ్ల ట్యాంకు మీద? అదే. శివాలయంలో ఫ్యాను రెక్కల మీద కూడా అదే, తిరిగినంతసేపూ కనపడదు గానీ ఆపితే కనపడుతుంది. ఈ ఊళ్లో చచ్చిపోయినవాళ్ల పేరు లేని వస్తువు ఏదీ లేదు. అక్కడ పోయినవాళ్ల పేర్లే లేవు.

ఇంకో చిన్న మాట. దాతల స్తంభం మీద మొత్తాలు వేయకండి. లక్ష ఇచ్చినవాడు ఫోర్‌మన్, అయిదువేలిచ్చినవాడు హెల్పరు. హెల్పరుకి అది వారం రోజుల జీతం. పేర్లు అక్షరక్రమంలో పెడితే ఎవరికీ టెన్షన్ ఉండదు. నాకు తెలిసి అంకెలు చూసి ముందు తగువు పెట్టుకునేది మీరు కాదు, ఇక్కడున్న మీ బావమరుదులు.

మిగిలిన డబ్బుంటే లైబ్రరీ పక్క గదికి తలుపులు పెట్టించండి. రోజూ సాయంత్రం నేను అక్కడ కూర్చుంటాను. ఎవరైనా వెళ్తున్నప్పుడు వచ్చి పేరు, పాస్‌పోర్టు నెంబరు, ఏజెంటు లైసెన్సు, కంపెనీ, క్యాంపు చిరునామా రిజిస్టర్లో రాయించి వెళ్లాలి. కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంటే నేను చదివిపెడతాను. చట్టం ప్రకారం ఏజెంటు 30,000 రూపాయలూ, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాను. ముద్ర లేనివాళ్లు కూడా ఏదో ఒక బీమా కట్టి వెళ్లేలా నేను వెంటపడతాను. వెంటపడటం నాకు బాగా వచ్చని మీకు తెలుసు.

పేర్ల పుస్తకం మొదలుపెట్టాను. లాంగ్‌బుక్కులో ఇప్పటికి రంగం వైపు తొమ్మిది, గల్ఫ్ వైపు పదిహేడు ఉన్నాయి. గల్ఫ్ పేర్లకి పాస్‌పోర్టు జిరాక్సు గానీ రేషన్ కార్డు గానీ ఉంటే చాలు, తేదీలు సరిచూసుకుంటాను. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి లైబ్రరీలో ఉంటాను. అక్కడున్నవాళ్లు ఫోను చేయండి, మీ శుక్రవారం నాకు ఖాళీయే.

రంగం పేర్లలో ఇద్దరి దగ్గర ఆగిపోయాను. ఒకాయన పెద్ద చెరువు గట్టు వైపు మనిషి, పిలుపు పేరు తప్ప ఇంటిపేరు దొరకలేదు. ఇంకొకరు ఆడమనిషి. భర్తతో వెళ్లిందట, అక్కడే ఇద్దరు పిల్లలట. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు, ‘రంగం కోడలు’ అనేవారట. మీ ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు ఉంటే ఈ రెండూ అడిగి చెప్పండి. రాళ్లు చెక్కేవాడు సంక్రాంతి లోపల కాగితం ఇమ్మన్నాడు.

ఇట్లు
మీ సోషల్ మాస్టారు